నలభై దాటాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎప్పుడో బీకామో, బీఎస్సీయో పూర్తిచేసి, ఉద్యోగంలోనో వ్యాపారంలోనో ఇంటి పనిలోనో పాతికేళ్లు గడిచాక మళ్లీ కాలేజీలో చేరాలనుకునేవారు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా చూసే రెండో డిగ్రీ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఏ డిగ్రీ చేసినవారికైనా దారి తెరిచే ఉంటుంది, పైగా చదువు పూర్తయ్యాక స్వతంత్రంగా చేసుకోగల వృత్తి ఒకటి చేతికొస్తుంది. చేరినవారిలో మధ్యలో మానేసేవాళ్లూ తక్కువేమీ కాదు. వాళ్లను ఆపేది సాధారణంగా పాఠాల కష్టం కాదు. హాజరు, పాత సర్టిఫికెట్లు. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువగా రాశాం.

వయోపరిమితి ఉందా?

లేదు. న్యాయవిద్యనూ లాయర్ల వృత్తినీ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నిబంధనల్లో మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్ల పరిమితి రాసి ఉన్నా, దాని అమలును 2017లో సుప్రీంకోర్టు ఆపేసింది. రెండు రాష్ట్రాల లాసెట్‌లోనూ, అంటే లా కోర్సుల ప్రవేశ పరీక్షలోనూ, వయసు అడ్డు కాదు. యాభై, అరవై ఏళ్లవాళ్లు కూడా రాయొచ్చు.

చదివాక లాయరుగా నమోదు కావడానికి కూడా వయసు అడ్డం రాదు. 45 ఏళ్లు దాటినవారిని నమోదు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఒకప్పుడు పెట్టిన నిబంధనను సుప్రీంకోర్టు 1995లో కొట్టేసింది. మీకు ఇంకా ఎవరైనా ఆ 45 మాట చెబితే, అది ముప్పై ఏళ్ల కిందట చెల్లకుండా పోయిన మాట.

నాకు డిగ్రీలో మార్కులు తక్కువ. అర్హత ఎంత?

ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. చాలామంది పొరపడేది ఈ శాతం లెక్కలోనే. ఆప్షనల్ సబ్జెక్టుల మార్కులు మాత్రమే చూసుకుని «నాకు 52 ఉంది» అనుకుంటారు. లెక్క తీసేది ఇంగ్లిష్, తెలుగు వంటి భాషల మార్కులు కూడా కలిపిన మొత్తం మీద. సప్లీలో గట్టెక్కిన ఇంగ్లిష్ పేపరు ఆ మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. దరఖాస్తు ఫీజు కట్టే ముందే మూడేళ్ల మెమోలు ముందేసుకుని, వచ్చిన మార్కులన్నీ కూడి, గరిష్ఠ మార్కుల మొత్తంతో భాగించి చూసుకోండి.

ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేశాను. పనికొస్తుందా?

పది, ఇంటర్ వరుసగా చదివి, ఆ తర్వాత అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో మూడేళ్ల డిగ్రీ చేస్తే పనికొస్తుంది. ఇబ్బందల్లా ఇంటర్ లేకుండా, అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరినవారికే. ప్రాథమిక అర్హత లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా పొందిన డిగ్రీని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ఇలాంటివారికి కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర చుక్కెదురవుతుంది. అక్కడెవరో చూసీచూడనట్టు వదిలేసినా, మూడేళ్లు చదివాక బార్ కౌన్సిల్‌లో నమోదు దగ్గర ఆగిపోతుంది. మొదటిదానికంటే ఈ రెండోది ఘోరం. డిగ్రీ తర్వాత తీరిగ్గా ఇంటర్ పాసై ఆ వరుస సరిచేసుకున్నామనుకునేవారు కూడా చేరకముందే బార్ కౌన్సిల్‌ను లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మంచిది.

లాసెట్ ఎలా ఉంటుంది? ఇన్నేళ్ల తర్వాత రాయగలనా?

రాయగలరు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద పరీక్ష. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి. అర్హత మార్కు 35 శాతం, అంటే 120కి 42. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. అయితే 42 వస్తే ర్యాంకు వచ్చినట్టే కానీ, కోరుకున్న కాలేజీలో సీటు వచ్చినట్టు కాదు.

మొదటి భాగం జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ: 30 ప్రశ్నలు. రెండోది వర్తమాన వ్యవహారాలు: 30. మూడోది న్యాయవిద్య అభిరుచి: 60. సగం మార్కులు మూడో భాగంలోనే ఉన్నాయి, కాబట్టి మీ సమయంలో సగానికి పైగా అక్కడే పెట్టండి. రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు 12 నుంచి 35వ అధికరణ దాకా, ఆదేశిక సూత్రాలు 36 నుంచి 51 దాకా, ప్రాథమిక విధులు 51ఏలో 11. రిట్లు (హక్కుల రక్షణకు కోర్టు ఇచ్చే ఆదేశాలు) సుప్రీంకోర్టుకైతే 32, హైకోర్టుకైతే 226. ఈ అంకెలు నిద్రలో అడిగినా చెప్పేలా ఉండాలి. తర్వాత ఒప్పందాల చట్టం మౌలిక సూత్రాలు, టార్టులు (నష్టపరిహారం కోరదగ్గ పౌర తప్పిదాలు), వినియోగదారుల చట్టం, సమాచార హక్కు చట్టం.

రోజూ పేపరు చదివే అలవాటున్న నలభై ఏళ్ల మనిషికి వర్తమాన వ్యవహారాలు కుర్రవాళ్లకంటే తేలిక. వెనకబడేది మెంటల్ ఎబిలిటీలో: సంఖ్యా శ్రేణులు, కోడింగ్, దిక్కులు, రక్త సంబంధాలు. రెండు నెలలపాటు రోజుకు ఇరవై ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేస్తే చెయ్యి మళ్లీ తిరుగుతుంది. మౌస్‌తో జవాబులు గుర్తించే అలవాటు లేనివారు ఆన్‌లైన్ మాక్ టెస్టులు నాలుగైదు తప్పకుండా రాయాలి.

నోటిఫికేషన్ ఎప్పుడు? క్లాసులు ఎప్పుడు మొదలవుతాయి?

సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో నోటిఫికేషన్, వేసవి చివర పరీక్ష. ఆ తర్వాత కౌన్సెలింగ్ చాలా సాగుతుంది. ఫలితం రాగానే ఉద్యోగానికి సెలవు పెట్టేయకండి. సీటు అలాట్‌మెంట్ వచ్చి, కాలేజీలో రిపోర్టు చేసి, క్లాసుల తేదీ తెలిశాకే సెలవు సంగతి.

పాత సర్టిఫికెట్లలో ఏమేం కావాలి? కొన్ని దొరకడం లేదు.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలన్నీ, ప్రొవిజనల్ లేదా ఒరిజినల్ డిగ్రీ, టీసీ, తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు. కులం, ఆదాయం వర్తించేవారికి వాటి పత్రాలు. మరో విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసినవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్. ఈడబ్ల్యూఎస్ కోరేవారు ఆ ఆర్థిక సంవత్సరానిదే కొత్తగా తీసుకోవాలి, పాతది చెల్లదు.

దొరకనివాటిలో మొదటి స్థానం టీసీది. డిగ్రీ తర్వాత పీజీలోనో బీఈడీలోనో చేరి మధ్యలో మానేసినవారి టీసీ అక్కడే ఉండిపోతుంది. ఆ కాలేజీకి వెళ్లి బకాయిలేమైనా ఉంటే కట్టి విడిపించుకోవాలి. పూర్తిగా పోతే డిగ్రీ చదివిన కాలేజీ నుంచి డూప్లికేట్ టీసీ. ఆ కాలేజీయే మూతపడి ఉంటే రికార్డులు ఎక్కడికి చేరాయో అనుబంధ విశ్వవిద్యాలయంలో అడగాలి. ఈ పనికి రెండు మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు, కాబట్టి లాసెట్ దరఖాస్తు చేసిన వారమే మొదలుపెట్టండి. ఫలితం వచ్చాక చూద్దామంటే కౌన్సెలింగ్ తేదీలు మీకోసం ఆగవు.

మార్కుల మెమో పోతే ముందు పోలీసులకు పోయినట్టు ఫిర్యాదు చేసి, దాని కాపీ తీసుకోవాలి. తర్వాత నోటరీ చేయించిన అఫిడవిట్, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో డూప్లికేట్‌కు దరఖాస్తు, ఫీజు చలానా. హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, నెల గుర్తుంటే పని సగం అయినట్టే. అవి గుర్తులేకపోతే పాత జిరాక్సులు, ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన కాపీలు వెతకండి. ఆఫీసు సర్వీసు రికార్డులో చాలాసార్లు దొరుకుతాయి.

చదువుకు విరామం ఎందుకొచ్చిందో గ్యాప్ అఫిడవిట్ అడిగే కాలేజీలూ ఉన్నాయి. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఉద్యోగంలోనో ఇంటి బాధ్యతల్లోనో ఉన్నాననీ, మరే కోర్సులోనూ చేరలేదనీ రాసి నోటరీ చేయిస్తే చాలు.

పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. ఏం చేయాలి?

మనవాళ్లకు ఇది ప్రత్యేకంగా వచ్చే చిక్కు. పదో తరగతి మెమోలో «కె. వెంకటలక్ష్మి», డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, పాన్‌లో ఇంటిపేరు చివర. కంప్యూటర్‌కు ఈ నలుగురూ వేర్వేరు మనుషులే.

దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో అక్షరం అక్షరం ఎలా ఉంటే అలాగే నింపండి. ఎల్‌ఎల్‌బీ మెమోలు, డిగ్రీ, చివరకు బార్ కౌన్సిల్ నమోదు అన్నీ ఆ పేరుమీదే నడుస్తాయి. ఆ తర్వాత ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపెట్టించండి. మెమోను ఆధార్‌కు సరిపెట్టించాలని చూడకండి, అది ఏళ్ల తరబడి సాగే పని. పెళ్లి తర్వాతి పేరే ఉంచుకోవాలనుకునే స్త్రీలు గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన, పెళ్లి సర్టిఫికెట్ రెండూ సిద్ధం చేసుకుని, కోర్సు మధ్యలో కాకుండా ప్రవేశానికి ముందే ఆ పని ముగించాలి. చిన్న తేడాలకు, అంటే ఇనీషియల్ ముందా వెనకా, ఒక అక్షరం ఎక్కువా తక్కువా లాంటివాటికి, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ సరిపోతుంది.

ఉద్యోగం చేస్తూ చదవొచ్చా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. అందరూ వినాలనుకునే జవాబు మాత్రం మేం ఇవ్వలేం.

లెక్క చూడండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సెమిస్టరుకు కనీసం 15 వారాలు, వారానికి కనీసం 30 గంటల బోధన. వారానికి ఆరు రోజులంటే రోజుకు అయిదు గంటలు. క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 మధ్యలోనే జరగాలి. కాబట్టి పది నుంచి అయిదు దాకా ఆఫీసులో కూర్చునే మనిషి, ఆ తర్వాత వెళ్లి రోజుకు అయిదు గంటలు చదివే కాలేజీ నిబంధనల ప్రకారం ఉండదు. ఈవినింగ్ కాలేజీ అన్న పేరు విని రాత్రి తొమ్మిదింటిదాకా క్లాసులుంటాయనుకోవద్దు. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీకి బార్ కౌన్సిల్ గుర్తింపే లేదు.

నిజంగా కుదిరేది ఎవరికంటే: షిఫ్టు ఉద్యోగులు, అంటే రాత్రి షిఫ్టు వాళ్లూ, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మొదలయ్యేవాళ్లూ; సొంత వ్యాపారులు; బీమా ఏజెంట్లు; ట్యూషన్లు చెప్పేవాళ్లు; స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లు; పిల్లలు పెద్దవాళ్లైన గృహిణులు. పగటి ఉద్యోగులైతే షిఫ్టు మార్పించుకోవడమో, దీర్ఘకాలం సెలవు పెట్టడమో, సమయం కుదిరే బ్యాచ్ వెతుక్కోవడమో తప్పదు. ఇంటికీ ఆఫీసుకీ కాలేజీకీ మధ్య దూరం అరగంట దాటితే ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ర్యాంకుకు వచ్చే పెద్ద కాలేజీ కంటే దగ్గరి కాలేజీ మేలన్నది మా గట్టి అభిప్రాయం.

ఉద్యోగం దాచిపెట్టడం కుదరదు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం విద్యార్థి తాను ఉద్యోగంలో ఉన్నదీ లేనిదీ ప్రకటించాలి, ఉంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలని చెప్పింది కూడా ఆ సర్క్యులరే. ప్రభుత్వోద్యోగులు శాఖాధిపతి అనుమతి లిఖితపూర్వకంగా తీసుకుని, సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకుంటే తర్వాత ఏ పేచీ ఉండదు. ఒకే రోజు ఒకే సమయానికి ఆఫీసు హాజరు పట్టీలోనూ కాలేజీ బయోమెట్రిక్‌లోనూ మీరు ఉన్నట్టు కనిపిస్తే, రెండు చోట్లా మీరే జవాబుదారీ.

హాజరు 70 శాతం అంటే ఎలా లెక్కిస్తారు?

సబ్జెక్టువారీగా. ఈ మాట చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఒక సబ్జెక్టులో 60 క్లాసులు జరిగితే 42కు ఉండాలి, 18 మానొచ్చు. ప్రతి సోమవారం రాలేని మనిషికి మొత్తం మీద 70 శాతం దాటొచ్చు కానీ, ఆ రోజే ఎక్కువగా జరిగే సబ్జెక్టులో 50కి పడిపోతుంది. అప్పుడు ఆ పేపరు రాయనివ్వరు. సరైన కారణం చూపితే 65 శాతం దాకా ప్రిన్సిపాల్ మినహాయించగలరు, అదీ అన్ని సబ్జెక్టులూ కలిపి 70 ఉంటేనే. కండొనేషన్ ఫీజు, అంటే తక్కువైన హాజరును మన్నించడానికి తీసుకునే రుసుము, కడితే ఎంత తక్కువున్నా సర్దేస్తారని అనుకోవద్దు.

2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు హాజరు లేదని లా విద్యార్థులను పరీక్షలకు ఆపకూడదని తీర్పు చెప్పిన మాట నిజమే. దాన్ని నమ్ముకుని ఇక్కడ క్లాసులు మానేయడం మాత్రం తెలివైన పని కాదు. మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్తర్వు చేతిలో ఉంటే తప్ప 70 లెక్కే పాటించండి.

సెమిస్టరు మొదటి వారంలో టైమ్‌టేబుల్ తీసుకుని ఏ సబ్జెక్టు ఏ రోజుల్లో పడుతోందో గళ్లు గీసి పెట్టుకోండి. ఎవరి పెళ్లికో, ఆసుపత్రికో వెళ్లాల్సి వస్తే ఏ సబ్జెక్టులో ఇంకా ఎన్ని మానే వీలుందో చూసి నిర్ణయించుకోవచ్చు. మొదటి రెండు నెలల్లో మానకుండా వెళ్లినవాళ్లకే చివర్లో వెసులుబాటు మిగులుతుంది. ఎందుకంటే పరీక్షల ముందు క్లాసులు తగ్గిపోతాయి, పోగొట్టుకున్న హాజరు తిరిగి సంపాదించడానికి క్లాసులే ఉండవు.

«అటెండెన్స్ లేకుండా చేయిస్తాం» అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

వద్దు. ఇతర రాష్ట్రాల కాలేజీల పేరు చెప్పి, పరీక్షలకు మాత్రం వస్తే చాలని డబ్బు మొత్తం ఒకేసారి అడుగుతారు. నమోదు సమయంలో బార్ కౌన్సిల్ డిగ్రీని విశ్వవిద్యాలయంతో సరిచూస్తుంది. మూడేళ్లూ మీరు హైదరాబాద్‌లో జీతం తీసుకుంటూ, వందల మైళ్ల దూరంలోని కాలేజీలో రోజూ క్లాసులో ఉన్నట్టు రికార్డు ఉంటే దానికి సమాధానం ఉండదు. నమోదయ్యాక బయటపడినా సనదు, అంటే లాయరుగా నమోదైన పత్రం, రద్దవుతుంది. ప్రభుత్వోద్యోగికైతే ఉద్యోగానికే ముప్పు.

ఇంటర్న్‌షిప్ కూడా చేయాలా?

చేయాలి. మూడేళ్లలో కనీసం 12 వారాలు, ఒక ఏడాదిలో ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. అంటే ఆఖరి ఏడాదిలో మొత్తం ఒకేసారి కానిచ్చేద్దామంటే కుదరదు. ఏటా నాలుగు వారాలు చొప్పున సెలవు ముందే అనుకోవాలి. పరిచయమున్న లాయరు దగ్గర, జిల్లా కోర్టు చుట్టుపక్కల చేస్తే పని నేర్చుకోవడానికి అవకాశం ఎక్కువ. మూట్ కోర్టు (కోర్టు వాదనల అభ్యాసం) పేపరులో భాగంగా రెండు కేసుల విచారణ కోర్టులో కూర్చుని చూసి డైరీ రాయాలి. కేసు నంబరు, తేదీ, సాక్షిని ఏం అడిగారు, ఏ అభ్యంతరం వచ్చింది, జడ్జి ఏం నమోదు చేశారు, ఇవన్నీ ఆ రోజే రాసుకోండి. సెమిస్టరు చివర ఇంకొకరి డైరీ చూసి రాసింది వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

మొత్తం ఎన్ని పేపర్లు? పరీక్షలో ఎలా రాయాలి?

ఆరు సెమిస్టర్లలో తప్పనిసరి, క్లినికల్ (ప్రాక్టికల్), ఐచ్ఛిక పేపర్లు కలిపి 30. అంటే సెమిస్టరుకు అయిదు. ఉస్మానియా పరిధిలో పేపరుకు 80 మార్కులు రాతపరీక్ష, 20 ఇంటర్నల్. రాతపరీక్షలో ఆరేసి మార్కుల చిన్న ప్రశ్నలు అయిదు, 15 మార్కుల వ్యాసాలు రెండు, 10 మార్కుల సమస్యలు రెండు, మూడు గంటల సమయం. నిమిషాల్లో చెప్పాలంటే చిన్న ప్రశ్నకు 11, వ్యాసానికి 32, సమస్యకు 22. మొత్తం 163 నిమిషాలు, చివర్లో సరిచూసుకోవడానికి 17.

పెద్దవయసువారు మార్కులు పోగొట్టుకునేది రెండు చోట్ల. ఒకటి చేతిరాత. ఇరవై ఏళ్లుగా సంతకం తప్ప పెన్ను పట్టని చెయ్యి రెండో గంటకే లాగేస్తుంది, చివరి సమస్య రాయకుండానే బెల్లు మోగుతుంది. పరీక్షకు నెల ముందు నుంచి రోజూ గంటసేపు కాగితం మీద రాయడమే దీనికి మందు. రెండోది సమస్యల్లో అనుభవం మాట్లాడటం. లోకజ్ఞానం ఉన్న మనిషి కావడంతో «ఇది అన్యాయం, డబ్బు తిరిగివ్వాల్సిందే» అని రెండు పేజీలు రాసేస్తారు. దిద్దేవారు వెతికేది సెక్షను, తీర్పు, వాటిని సంగతులకు అన్వయించిన తీరు.

ఉదాహరణకు మొదటి సెమిస్టరు ఒప్పందాల పేపరులో ఇలాంటి సమస్య వస్తుంది: 17 ఏళ్ల కుర్రాడు తన పేరున్న ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తీసుకున్నాడు, తర్వాత తీర్చనన్నాడు, అప్పిచ్చినాయన దావా వేశాడు. జవాబు ఇలా నడవాలి. మొదటి రెండు వాక్యాల్లో సంగతులు. తర్వాత వివాదాంశం ఒక్క వాక్యం: మైనరు చేసిన ఒప్పందం అమలవుతుందా? తర్వాత చట్టం: భారత ఒప్పందాల చట్టం, 1872, సెక్షన్ 11 ప్రకారం మేజరుకే ఒప్పందం చేసుకునే సామర్థ్యం, మోహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు) మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదని చెప్పింది. తర్వాత అన్వయం: కుర్రాడికి 17, కాబట్టి తాకట్టు చెల్లదు, దాన్ని పట్టుకుని వేసిన దావా నిలవదు. ఆ డబ్బు తిండికో, చదువుకో, వైద్యానికో ఇచ్చిందైతే సెక్షన్ 68 కింద అవసరాల మేరకు అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చన్న ఒక్క వాక్యం కలిపితే చదివిన జవాబని తెలిసిపోతుంది. చివర తీర్పు. ఒకటిన్నర పేజీ చాలు.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్‌తో నెగ్గుకురాగలనా?

మొదటి సెమిస్టరు కష్టంగానే ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. బార్ కౌన్సిల్ నిబంధనల్లో బోధనా మాధ్యమం ఇంగ్లిషే. విశ్వవిద్యాలయం మరో భాషను అనుమతిస్తే, ఆ భాష ఎంచుకున్నవారు ఇంగ్లిష్‌ను తప్పనిసరి పేపరుగా రాయాలి. తెలుగులో జవాబులు రాయాలనుకునేవారు ఆ అనుమతి ఉన్న కాలేజీయేనా అని చేరకముందే అడగండి.

చట్టం భాషలో పదజాలం కొంతే, అదే మళ్లీ మళ్లీ వస్తుంది. రోజుకు అయిదు సెక్షన్లు ఇంగ్లిష్‌లో చేత్తో యథాతథంగా రాసి, పక్కనే తెలుగులో అర్థం రాసుకుంటే మూడు నెలల్లో వాక్యనిర్మాణం పట్టుబడుతుంది. కక్షిదారుతో మాట్లాడేది, సాక్షిని అడిగేది తెలుగులోనే కాబట్టి వృత్తిలోకి వచ్చాక మీ తెలుగే మీకు బలం. తెలంగాణ హైకోర్టు 2023 జూన్‌లో తెలుగులోనే ఒక తీర్పు వెలువరించింది కూడా.

పాత పుస్తకాలు కొనుక్కోవచ్చా?

రాజ్యాంగం, ఒప్పందాలు, హిందూ చట్టం, టార్టులు, ఆస్తి బదిలీ వంటివి కోఠీ పుస్తకాల దుకాణాల్లో పాతవి కొన్నా నష్టం లేదు, తర్వాత వచ్చిన సవరణలు చూసుకుంటే చాలు. నేర చట్టాలు మాత్రం కొత్తవే కొనాలి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. అందరికీ నోట్లో నానిన 302 ఇప్పుడు 103, 420 ఇప్పుడు 318(4). సినిమాల్లో, పేపర్లలో పాతికేళ్లుగా విన్న నంబర్లు మరచిపోవడం కుర్రవాళ్లకంటే మనకే కష్టం, అందుకని పాత, కొత్త సెక్షన్ల పట్టిక ఒకటి గోడకు అంటించుకోండి. 2024 జులైకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి కోర్టుల్లో రెండూ కొన్నేళ్లు నడుస్తాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? ఖర్చు ఎలా?

దానికి వయసు, ఆదాయ పరిమితులున్నాయి. నలభై దాటినవారు రాదనుకునే లెక్క వేసుకోవాలి. కాలేజీలో అడిగేటప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే కాకుండా విశ్వవిద్యాలయ రిజిస్ట్రేషన్, ఆరు సెమిస్టర్ల పరీక్ష ఫీజులు, లైబ్రరీ, డిపాజిట్ విడివిడిగా రాయించుకుని తీసుకోండి. విద్యారుణం తీసుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. సొంత చదువుకు కూడా ఇది వర్తిస్తుందని చాలామందికి తెలియదు.

ఎల్‌ఎల్‌బీతో పాటు దూరవిద్యలో ఎంఏ చేయొచ్చా?

రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చని యూజీసీ 2022లో చెప్పింది. కానీ లా డిగ్రీ విషయంలో బార్ కౌన్సిల్ నిబంధనలు చూడాలి. రెండు రెగ్యులర్ కోర్సులు కలిపి చేయడం నిషేధం. భాష, కంప్యూటర్ వంటి చిన్న సర్టిఫికెట్ కోర్సులకూ, దూరవిద్యకూ మినహాయింపు ఉంది. 2024 సర్క్యులర్ ప్రకారం దాన్నీ కాలేజీకి ప్రకటించాలి.

డిగ్రీ వచ్చాక నమోదు ఎలా?

రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో దరఖాస్తు. నమోదు ఫీజు జనరల్ వారికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు వేలల్లో వసూలు చేసేవారు, అందుకే పాత లెక్కలు ఇప్పటికీ జనం నోట్లో ఉన్నాయి. నమోదయ్యాక రెండేళ్లలోపు ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసవ్వాలి. 100 ప్రశ్నలు, మూడున్నర గంటలు, నోట్సు లేని చట్టం ప్రతులు తీసుకెళ్లొచ్చు. ఓసీ, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 వస్తే పాస్.

పూర్తికాల జీతంతో ఉద్యోగంలో ఉంటూ లాయరుగా నమోదు కావడానికి వీల్లేదు. డిగ్రీ చేతిలో పెట్టుకుని, ఉద్యోగం మానేశాకో పదవీ విరమణ తర్వాతో నమోదు కావొచ్చు. డిగ్రీకి కాలదోషం లేదు.

జడ్జి కావొచ్చా?

జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు ఓసీలకు గరిష్ఠ వయసు 35. పైగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. నలభై దాటి చేరినవారు ఈ ఆశతో చేరొద్దు. నోటరీ కావాలన్నా పదేళ్ల ప్రాక్టీసు కావాలి, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఏడేళ్లు.

మరి ఈ వయసులో దేనికి ఉపయోగం?

మీ పాత పని దేనికి దగ్గరగా ఉందో దానికి. బ్యాంకులో పనిచేసినవారికి రుణ వసూలు, తాకట్టు వివాదాలు. రెవెన్యూలో చేసినవారికి భూమి కేసులు: పహాణీ, అడంగల్ చదవడం వాళ్లకు వేరే నేర్పక్కర్లేదు. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ వాళ్లకు కార్మిక చట్టాలు. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరులో అమల్లోకి వచ్చాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లూ, పాత లాయర్లూ అక్కడ ఒకే గీత మీద ఉన్నారు. ఇంజినీర్లకు నిర్మాణ ఒప్పందాల మధ్యవర్తిత్వం.

సంపాదన గురించి ఒక మాట. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. మొదటి మూడేళ్లు ఇంటి ఖర్చు వేరే ఆదాయంతో గడిచేలా చూసుకోవాలి.

రిటైరైన ప్రభుత్వోద్యోగికి ప్రత్యేక ఇబ్బందులున్నాయా?

పెన్షన్ జీతం కాదు, కాబట్టి నమోదుకు అడ్డు కాదు. అయితే అధికారిగా చేసి రిటైరైనవారు తమ చివరి హోదాకు సమానమైన, లేదా అంతకంటే కింది హోదా అధికారి విచారణ జరిపే కార్యాలయాల్లో, ట్రిబ్యునళ్లలో వాదించకూడదన్న నిబంధన ఉంది. ఆర్డీవోగా రిటైరైన మనిషి తహసీల్దారు ముందు కేసు వాదించలేడు, సివిల్ కోర్టులో వాదించొచ్చు. నైతికంగా తప్పుడు పని కారణంగా ఉద్యోగం నుంచి తొలగించబడినవారికి నమోదు మీద వేరే ఆంక్షలున్నాయి. దరఖాస్తుతో పాటు పదవీ విరమణ ఉత్తర్వు, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, శాఖాపరమైన విచారణలేవీ పెండింగులో లేవన్న పత్రం జత చేస్తే ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది. ఆ మూడో పత్రం పాత ఆఫీసు నుంచి రావడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఆరో సెమిస్టరులో ఉండగానే అడిగి పెట్టుకోండి.